ధరల మంటలో విశ్వాసి ఇల్లు



తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా జుమా నమాజు అయ్యాక ఆలిముల దగ్గరకు వచ్చి కూర్చునేవారి ప్రశ్నలు మారాయి. మునుపు తలాక్ గురించి, ఆస్తి పంపకాల గురించి, నమాజులో మరచిన రకాత్ గురించి ఎక్కువగా అడిగేవారు. ఇప్పుడు వాటి పక్కన వేరే ప్రశ్నలు వచ్చి చేరాయి. "హజ్రత్, రేషన్ బియ్యం అమ్ముకోవచ్చా?" "గ్యాస్ బండ కోసం వడ్డీకి తెస్తే గునాహ్ అవుతుందా?" "ఆటోకు డీజిల్ పోయించాక మిగిలింది ఇంతే, ఇందులో అమ్మీకి ఎంత, పిల్లలకు ఎంత?" ఇవి మసీదులో అడగదగిన ప్రశ్నలు కావని కొందరు పెద్దలు విసుక్కుంటారు. మేము అలా అనుకోము. హలాల్, హరామ్‌లు తేలేది ముసల్లా మీద కాదు, వంటింట్లో, దుకాణం కాటా దగ్గర, జేబులో చేయి పెట్టేటప్పుడు.

మనం ఉంటున్నది కృష్ణా డెల్టా. కాలువ కింద వరి, వరి కోశాక మినుము. బాపట్ల పరిశోధనా కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరిని రైతులు ఇప్పటికీ బీపీటీ అంటారు. ఆ మూడు అక్షరాలు బాపట్లవే. ఇలాంటి గడ్డ మీద ఉండి బియ్యం గురించి బెంగ ఏమిటని బయటివారు నవ్వవచ్చు. పొలంలో పండేది వేరు, పేదవాడి కంచంలోకి వచ్చేది వేరు.

ఈ గడ్డ ఆకలి ఎరగనిదీ కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు జిల్లాను ఊడ్చిన కరవును పెద్దలు డొక్కల కరవు అన్నారు. ఐదు లక్షల జనాభాలో లక్షన్నర మందికి తక్కువ కాకుండా చనిపోయారని లెక్కలు చెబుతాయి. ఆ దెబ్బ తరువాతే కృష్ణ మీద ఆనకట్ట ఆలోచన బలపడి 1855 నాటికి బెజవాడ దగ్గర అది పూర్తయింది. 1942లో బర్మా జపాను చేతిలోకి పోయి అక్కడి బియ్యం ఆగిపోయినప్పుడు, ఆనాటి మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన జిల్లా కూడా కంట్రోలు రోజులు చూసింది. 1952లో రాజాజీ ప్రభుత్వం వాటిని ఎత్తివేసింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ధర పెరిగి, 2008లో మళ్ళీ రెండు రూపాయలై, 2011లో రూపాయి అయింది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు ఐదు కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు హక్కుగా రాసిపెట్టింది. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితం.

ఇంత చరిత్ర ఎందుకంటే, రేషన్ సంచి పట్టుకొని నిలబడటానికి సిగ్గుపడే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి. అది ఎవరి ముందో చేయి చాపడం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. పైగా దివ్య ఖుర్ఆన్ చదివేవారికి రేషన్ కొత్త విషయమా? సూరా యూసుఫ్‌లో ఉన్నది అదే కదా! ఏడేళ్ళు పండిన ధాన్యాన్ని తినడానికి సరిపడా తీసుకొని మిగతాది వెన్నులతోనే నిల్వ చేయమని హజ్రత్ యూసుఫ్ (అ) చెప్పారు. తరువాత ఏడేళ్ళ కరవులో కొలత పెట్టి పంచారు. ఆయన సోదరులు కనాను నుంచి వచ్చినప్పుడు మనిషికి ఒక ఒంటె మోత చొప్పున ఇచ్చారు. ఇంకో మోత కావాలంటే ఇంకో మనిషి రావాలి. రాజు దగ్గర ఆ పదవి తానే అడిగి తీసుకున్నారు. ఎందుకు? తాను కాపాడగలనని, లెక్క తెలిసినవాడినని. నిజాయితీ, లెక్క - ఈ రెండూ లేనివాడు గిడ్డంగి తాళం పట్టుకుంటే ఏమవుతుందో మన జిల్లాల వారికి వేరే చెప్పాలా?

అమానత్ అంటే బియ్యం బస్తా కూడా

రేషన్ బియ్యం అమ్ముకోవడం గురించి సూటిగా చెప్పుకుందాం. సంగతి అందరికీ తెలిసిందే. డిపోలో తెచ్చిన బియ్యాన్ని కొందరు ఇంటి గుమ్మంలోనే తక్కువ ధరకు బ్రోకరుకు ఇచ్చేస్తారు. వాడు పోగుచేసి మిల్లుకు తోలతాడు. అక్కడ పాలిష్ పట్టి, సంచి మార్చి, ఓడ కూడా ఎక్కిస్తారు. 2024 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ ఓడరేవుకు వెళ్ళి పడవెక్కి చూసినప్పుడు దేశమంతా మాట్లాడుకున్నది ఈ బియ్యం గురించే.

బ్రోకరు, మిల్లు యజమాని, కళ్ళు మూసుకున్న డీలరు - వీరి సంపాదన విషయంలో మాకు ఏ సందేహమూ లేదు. పేదల నోటి కోసం ప్రజాధనంతో కొన్న ధాన్యాన్ని దారి మళ్ళించడం ఖియానత్. అది గడ్డం ఉన్నవాడు చేసినా, హజ్ చేసి వచ్చినవాడు చేసినా ఖియానతే. తూకంలో కాజేసేవారి గురించి ఖుర్ఆన్‌లో ఒక సూరాకే ఆ పేరు ఉంది: ముతఫ్ఫిఫీన్. హజ్రత్ షుఐబ్ (అ) జాతి నాశనమైన కారణాల్లో కాటా మోసం ఒకటి. ఐదు కిలోల దగ్గర నాలుగున్నర తూచి పంపే డీలరు ఆ అరకిలోతో మేడ కట్టలేడు. కానీ ఆ అరకిలో ఒక పిల్లవాడి రెండు పూటల అన్నం.

ఇక అమ్ముకునే ఇల్లాలి సంగతి. ఇక్కడ మేము గొంతు తగ్గించే మాట్లాడతాం. ఇంట్లో షుగరు వ్యాధి ఉన్న అత్తగారు ఆ బియ్యం తినలేరు, పిల్లలకు సయించదు, ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి సన్నబియ్యం తెచ్చుకుంటాం అని చెప్పే ఆడబిడ్డను దొంగ అనడానికి మా నోరు రాదు. అయినా ఆ బియ్యం ఒక షరతుతో మన చేతికి వచ్చింది: తినడానికి. షరతులకు కట్టుబడి ఉండటం ముస్లిం లక్షణమని దైవప్రవక్త (స) నేర్పారు. కాబట్టి అమ్మకం సరైనది కాదు. తినలేకపోతే దారులు ఉన్నాయి. దోసెల పిండికి, ఇడ్లీకి, చక్కిలాలకు, పిండి వంటలకు ఆ బియ్యం బాగానే ఉంటుంది. మన దాదీలు నూకలతో చేసిన కిచిడీ మరచిపోయామా? అప్పటికీ మిగిలితే తినేవారికి ఊరికే ఇవ్వండి. వీధి చివర చెత్త ఏరుకొనే కుటుంబానికి కార్డు లేదు. వారికి కార్డు ఎందుకు లేదని కూడా ఒకసారి అడగండి.

దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. దాని గురించి మసీదుల్లో ఎవరూ మాట్లాడరు. రెండంతస్తుల ఇల్లు, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు, గుమ్మం ముందు కారు ఉండి, ఆదాయం దాచి పేదల కార్డు పెట్టుకున్నవారు. ఆ ఇంట్లో రోజూ ఖుర్ఆన్ పారాయణం జరుగుతుంది. ఆ బియ్యాన్ని కోళ్ళకు వేస్తారు. ఇది అబద్ధంతో తెచ్చుకున్న సొమ్ము, మిస్కీన్ హక్కు. ఇలాంటి కార్డు ఉన్నవారు దాన్ని వెనక్కు ఇవ్వడానికి ఫత్వా కోసం ఎదురుచూడనవసరం లేదు.

ఐదు కిలోలతో ఏమవుతుంది? కాయకష్టం చేసే మనిషి రోజుకు అరకిలో బియ్యం తింటాడనుకుంటే అవి పది రోజులకు సరి. మిగతా ఇరవై రోజులు బజారు బియ్యమే. పప్పు, నూనె, కూర సంగతి వేరే. కాబట్టి ఉచిత బియ్యం వచ్చింది కనుక పేదలకు కష్టం లేదనేవారు లెక్క సగమే చూశారు. వేలిముద్రల బాధ ఒకటి. జీవితమంతా పరుపులు కుట్టిన చేతికి, సున్నం కలిపిన చేతికి గీతలు మిగలవు. యంత్రం "నువ్వు నువ్వు కాదు" అంటుంది. 2021లో వచ్చిన రేషన్ బండ్లు 2025 జూన్‌లో ఆగిపోయి పంపిణీ మళ్ళీ చౌకధర దుకాణాలకు వచ్చింది. 65 ఏళ్ళు దాటినవారికి, వికలాంగులకు ఇంటికే ఇవ్వాలన్నారు. మన వీధిలో అలాంటి వృద్ధురాలికి అది అందుతోందా లేదా అని చూడటానికి ఒక యువకుడు నెలకు అరగంట కేటాయిస్తే చాలు. తబ్లీగ్ గష్త్‌కు వెళ్ళే కాళ్ళు డిపో దాకా కూడా వెళ్ళగలవు.

వెలగని పొయ్యి

ఇంధనం మాటకు వద్దాం. హజ్రత్ ఆయిషా (ర) తన సోదరి కుమారుడు ఉర్వాకు ఒకసారి ఇంటి సంగతి చెప్పారు. రెండు నెలల్లో మూడు నెలవంకలు చూసేవారట, అల్లాహ్ ప్రవక్త ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదట. మరి ఎలా బతికేవారని ఆయన అడిగితే, ఖర్జూరం, నీళ్ళు అని చెప్పారు. ఆ తరువాతి మాట కూడా వినాలి. పొరుగున ఉన్న అన్సారులకు పాలిచ్చే పశువులు ఉండేవి, వారు పాలు పంపేవారు. బుఖారీలో ఉన్న ఈ హదీసును మనం సహనం గురించి చెప్పేటప్పుడు సగం దాకా చెప్పి ఆపేస్తాం. పొయ్యి వెలగని ఇంటి సహనం ఎంత గొప్పదో, ఆ ఇంటికి పాలు పంపిన పొరుగింటి చూపు అంత గొప్పది. ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో అన్సారులకు తెలుసు. మన పక్కింట్లో బండ అయిపోయి ఎన్ని రోజులైందో మనకు తెలుసా?

గ్యాసు లెక్క చూడండి. బండలో ఉండేది 14.2 కిలోలు. నలభై రోజులకు ఒక బండ కాల్చే ఇంటికి ఏడాదికి తొమ్మిది కావాలి. 2024 నవంబరు 1న మొదలైన దీపం-2 పథకంలో రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి మూడు ఉచితమంది. మేలే. మిగతా ఆరు కొనుక్కోవలసినవే. ఆ మూడింటికి కూడా, పథకం మొదలైనప్పటి పద్ధతిలో, ముందు డబ్బు కడితే తరువాత ఖాతాలో పడుతుంది. చేతిలో డబ్బున్నవారికి అది చిన్న విషయం. నెలాఖరున ఇరవయ్యో ముప్పయ్యో మిగిలిన ఇంటికి ఆ ముందు కట్టే డబ్బే అసలు గోడ. ఆ గోడ దాటడానికే వారం వారం వసూలు చేసే అప్పుల వాళ్ళ దగ్గరకు వెళతారు. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ అప్పుల వల్ల ఎన్ని ఇళ్ళు కూలాయో, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిందో పెద్దలకు గుర్తుంది. వడ్డీ హరామ్ అని మింబర్ మీద నుంచి గర్జించడం తేలిక. అప్పు అవసరమైన అక్కకు, చెల్లికి మసీదు కమిటీ తరఫున ఒక బండ డబ్బు కర్జె హసనా ఇచ్చి, సబ్సిడీ పడ్డాక తిరిగి తీసుకునే ఏర్పాటు చేయడం అంత తేలిక కాదు. కానీ చేయాల్సింది అదే. పదిహేను బండల సొమ్ము ఒక పెట్టెలో ఉంటే అదే తిరుగుతూ ఉంటుంది. ఒక ముతవల్లి, ఒక నోటు పుస్తకం, ఇద్దరు సాక్షులు. అప్పును రాసి పెట్టుకోమని ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ ఆదేశిస్తోంది. రాయకుండా ఇచ్చి తరువాత తగవులాడుకోవడం మనవాళ్ళకు అలవాటు.

"చమురంతా ముస్లిం దేశాల్లోనే ఉంది, మరి మనకెందుకీ మంట?" అని కొందరు అమాయకంగా అడుగుతారు. భాయీ, అమ్మేవాడికి, కొనేవాడికి మధ్య కలిమా ధర తగ్గించదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపినప్పుడు పీపా మూడు డాలర్ల దగ్గర నుంచి కొన్ని నెలల్లో పన్నెండు డాలర్ల దాకా పోయింది. ఆ దెబ్బ అమెరికాతో పాటు మన దేశానికీ తగిలింది. మన దేశం ముడి చమురులో నూటికి ఎనభై వంతులకు పైగా బయట కొంటుంది. పెట్రోలు ధర 2010 నుంచి, డీజిల్ ధర 2014 నుంచి బజారుకు వదిలేశారు. 2017 జూన్ నుంచి రోజూ మారే పద్ధతి వచ్చింది. దాని మీద కేంద్రం పన్ను, రాష్ట్రం పన్ను. 2021లో పెట్రోలు నూరు దాటింది. ప్రపంచంలో ఎక్కడో యుద్ధం జరిగితే నిజాంపట్నం రేవులో పడవ ఇంజను ఆగిపోతుంది, రేపల్లె నుంచి తెనాలి వచ్చే కూరగాయల ఆటో కిరాయి పెరుగుతుంది.

నీరు, పచ్చిక, నిప్పు - ఈ మూడింటిలో జనులంతా భాగస్థులని దైవప్రవక్త (స) తెలిపారు. అబూ దావూద్‌లోని ఈ హదీసును ఫుఖహా ఎంతో జాగ్రత్తగా వివరించారు. నీ పొయ్యి నుంచి పక్కవాడు నిప్పు అంటించుకుంటే, నీ మంట దగ్గర చలి కాచుకుంటే అడ్డుపడే హక్కు నీకు లేదు. నువ్వు కొట్టి తెచ్చిన కట్టెలు మాత్రం నీవే. అబ్యద్ బిన్ హమ్మాల్ (ర) అనే సహాబీ మారిబ్‌లోని ఉప్పు గనిని అడిగితే ప్రవక్త (స) ఇచ్చేశారు. అది ఎండని ఊట లాంటిది, అందరికీ అక్కరకు వచ్చేదని ఒకరు విన్నవించగానే వెనక్కు తీసుకున్నారు. నేల నుంచి శ్రమ లేకుండా పైకి ఉబికే నఫ్త్‌ను, అంటే చమురును, తారును కూడా మన ఇమాములు ఈ కోవలోనే చేర్చారు. ఆకలి తీర్చే నిప్పు కొద్దిమంది లాభానికి బందీ కాకూడదన్నది షరీఅత్ దృష్టి. పన్నులు వేసేవారికి, చమురు రాజ్యాలను ఏలేవారికి ఈ మాట వినిపించే అవకాశం మాకు లేదు. పాఠకులకు వినిపిస్తున్నాం.

సూరా మాఊన్ చిన్నపిల్లలకు కూడా కంఠస్థం. చివరన చెప్పిన ఆ "మాఊన్" ఏమిటంటే, ఇరుగుపొరుగు ఒకరికొకరు ఇచ్చుకునే కుండ, గొడ్డలి, బాల్చీ వంటివని హజ్రత్ ఇబ్నె మస్‌ఊద్ (ర) వివరించారు. నమాజు చేస్తూ ఆ పాటి వస్తువు కూడా ఇవ్వనివాడి గురించి ఆ సూరాలో ఏముందో మనకు తెలుసు. మా ఉద్దేశంలో ఈ రోజుల్లో గ్యాసు పొయ్యి కూడా మాఊనే. పక్కింటి ఆపా బండ రాక ఇబ్బంది పడుతుంటే, మన పొయ్యి మీద ఆమె అన్నం ఒక విజిల్ వచ్చేదాకా ఉంచనివ్వండి.

భర్తలకు ఒక మాట

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే కావచ్చు. అందుకే కాస్త ఎక్కువ చెబుతాం.

ధరలు పెరిగినప్పుడు ఇంట్లో మొదట తగ్గేది ఎవరి కంచం? భర్తకు వడ్డిస్తారు. పిల్లలకు వడ్డిస్తారు. అత్తామామలకు వడ్డిస్తారు. చివరన గిన్నె అడుగున మిగిలిన మాడు ముద్ద ఇల్లాలిది. ఆమె "ఆకలి లేదు" అంటుంది. ఆ మాటను నమ్మినట్టు నటించే మగవారు మనలో చాలామంది ఉన్నారు.

భార్య పోషణ భర్త మీద వాజిబ్. అది దయ కాదు, బహుమానం కాదు. కలిగినవాడు కలిమి కొద్దీ, లేనివాడు అల్లాహ్ ఇచ్చినదానిలో నుంచి ఖర్చు పెట్టాలని సూరా తలాఖ్ బోధిస్తోంది. ఈ ఆదేశంలో రెండు వైపులా న్యాయం ఉంది. లేని భర్తను భార్య అసాధ్యమైనది అడగకూడదు. ఉన్న భర్త లేనట్టు ఉండకూడదు. ఐదేళ్ళ కింద నెలకు ఐదు వేలు ఇచ్చేవాడు ఇవాళ కూడా ఐదు వేలే చేతిలో పెట్టి, "అప్పుడు సరిపోయింది కదా, ఇప్పుడెందుకు చాలదు?" అని గద్దిస్తాడు. అయ్యా, అప్పుడు నూనె ఎంత, పప్పు ఎంత, బండ ఎంత? ఒక నెల మీరే సంచి పట్టుకొని తెనాలి మార్కెట్టుకు వెళ్ళి రండి. బీడీకి, గుట్కాకు, సెల్‌ఫోన్ రీఛార్జికి పెరిగిన ధర మీకు తెలుసు కదా!

అబూ సుఫ్యాన్ (ర) భార్య హింద్ (ర) దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తన భర్త పిసినారి అని, తనకు, పిల్లలకు సరిపడా ఇవ్వడని, తెలియకుండా తీసుకుంటే తప్ప గడవదని చెప్పుకున్నారు. సముచితమైన రీతిలో నీకు, నీ పిల్లలకు సరిపోయేంత తీసుకోవచ్చని ఆయన అనుమతించారు. ఒక స్త్రీ ఖర్చు డబ్బుల ఫిర్యాదు ప్రవక్త (స) దర్బారులో విచారణకు వచ్చింది, తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. భర్త జేబు నుంచి యాభై రూపాయలు తీసి పిల్లల పాలకు పెట్టి, రాత్రంతా దొంగతనం చేశానేమో అని కుమిలే తల్లులకు ఈ హదీసు ఎవరూ చెప్పరు. సముచితం అన్న మాటకు హద్దు ఉంది. అక్కర కోసం తీసుకోవడం వేరు, చీరల చీటీ కట్టడానికి తీసుకోవడం వేరు.

అమ్మలారా, మీకూ ఒక మాట. ఇంటి లెక్క దాచవద్దు. అప్పు చేస్తే చెప్పండి. భర్తకు తెలియకుండా నాలుగు గ్రూపుల్లో అప్పు తీసుకొని, ఒకదాని వాయిదా ఇంకోదానితో కట్టి, చివరకు ముఖం చూపలేక పుట్టింటికి వెళ్ళిన ఆడవారు మన వీధుల్లోనే ఉన్నారు. గాజులు తాకట్టు పెట్టి వడ్డీ కట్టేకంటే, అమ్మి అప్పు తీర్చడం మేలు. బంగారం మళ్ళీ వస్తుంది.

వ్యాపారి, ఆటోవాలా

ప్రవక్త (స) కాలంలో మదీనాలో ధరలు పెరిగినప్పుడు, ధర నిర్ణయించమని ప్రజలు కోరారు. ధరలను ఎక్కించేది, దించేది అల్లాహ్ అని, ఎవరికీ అన్యాయం చేసిన భారం లేకుండా తన ప్రభువును కలవాలని కోరుకుంటున్నానని ఆయన జవాబిచ్చారు. ఈ హదీసును మన బజారులో కొందరు షావుకార్లు కంఠతా పట్టారు. కరోనా రోజుల్లో నిమ్మకాయలకు, మాస్కులకు పెంచిన ధరకు కూడా ఇదే అడ్డం పెట్టారు! ఆ జవాబులోని రెండో సగం న్యాయం గురించి. సరుకు నిజంగా తక్కువై పెరిగిన ధర వేరు, గోదాములో దాచి పెంచిన ధర వేరు. దాచేవాడు పాపి అన్న హదీసు సహీహ్ ముస్లింలోనే ఉంది. ఆహార వర్తకులు హద్దు మీరి దోచుకుంటుంటే, ప్రజల హక్కు కాపాడటానికి వేరే మార్గం లేకపోతే, అనుభవజ్ఞులను సంప్రదించి అధికారి ధర నిర్ణయించవచ్చని మన హనఫీ గ్రంథం హిదాయాలో ఉంది. ఇబ్నె తైమియా కూడా ఇలాంటి మాటే రాశారు.

ఆటో నడిపే సోదరుల ప్రశ్న వేరే రకం. డీజిల్ పెరిగింది, కిరాయి పెంచడం తప్పా? తప్పు కాదు. ఎక్కేముందే చెప్పండి, దించాక కాదు. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళే మనిషి దగ్గర అతని భయాన్ని బట్టి ధర చెప్పకండి. ఇంటి బండను ఆటోకు ఎక్కించుకోవడం, టీ కొట్టుకు అమ్మడం చట్టం ఒప్పుకోనిది, ప్రాణానికి ప్రమాదం కూడా. దాన్ని రిజ్ఖ్ అని పిలవకండి.

బూడిద ఏడాది

హిజ్రీ 18వ ఏట అరేబియాలో వానలు లేక నేల బూడిద రంగుకు తిరిగింది. దాన్ని ఆముర్రమాదా, బూడిద ఏడాది అన్నారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) ప్రజలందరికీ దొరికేదాకా నెయ్యి, మాంసం ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. నూనె తిని తిని ఆయన మేని రంగు మారిపోయింది. సిరియా నుంచి అబూ ఉబైదా (ర) నాలుగు వేల ఒంటెల మీద ఆహారం తెచ్చారని తబరీ రాశారు. ఇవి మీరు విన్న విషయాలే. అంతగా వినని మాట ఒకటి ఇమామ్ బుఖారీ తన అదబుల్ ముఫ్రద్‌లో నమోదు చేశారు. కరవు తీరాక హజ్రత్ ఉమర్ (ర) అన్నారట: అల్లాహ్ ఈ కష్టం తొలగించకపోయి ఉంటే, కలిగిన ప్రతి ముస్లిం ఇంటికి ఆ ఇంట్లో ఉన్నంతమంది పేదలను చేర్చి ఉండేవాడినని. ఒకరికి సరిపోయే తిండి పంచుకుంటే ఇద్దరూ చావరన్నది ఆయన లెక్క.

యమన్ నుంచి వచ్చిన అష్అరీ తెగవారు ఇదే పని ఖలీఫా ఆజ్ఞ లేకుండానే చేసేవారు. ప్రయాణంలో గానీ, మదీనాలో గానీ తిండి తగ్గితే, ఎవరి దగ్గర ఉన్నది వారు తెచ్చి ఒకే గుడ్డలో పోసి, ఒకే గిన్నెతో సమానంగా కొలిచి పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాడనని ప్రవక్త (స) మెచ్చుకున్నారు. ఇంతకంటే పెద్ద బిరుదు ఎవరికి కావాలి?

మన దగ్గర గుడ్డ పరచడానికి ముందు పెళ్ళి విందుల సంగతి తేల్చుకోవాలి. వలీమా సున్నత్. ఒక మేకతోనైనా వలీమా చేయమని ప్రవక్త (స) అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) కు చెప్పారు. ఆయన మదీనాలో పెద్ద వ్యాపారి. మనం ఆటో నడుపుతూ ఎనిమిది వందల మందికి బిర్యానీ పెడుతున్నాం. వాణిజ్య బండలు వరుసగా వెలుగుతాయి. కంచాల్లో సగం మిగులుతుంది. పెళ్ళికూతురి తండ్రి మూడేళ్ళు వడ్డీ కడతాడు. అబ్బాయి వైపువారు "మేమేమీ అడగలేదు, వాళ్ళే పెట్టారు" అంటారు. అడగకుండా ముఖం ముడుచుకోవడం కూడా అడగడమే.

జకాత్ విషయంలో మసీదు కమిటీలు తరచూ అడిగేవాటికి జవాబిచ్చి ముగిస్తాం. రమజాన్ దాకా ఆగనవసరం లేదు. నిసాబ్ ఉన్నవారు ఏడాది నిండకముందే ఇవ్వవచ్చు. అక్కర ఇప్పుడు ఉంటే ఇప్పుడే ఇవ్వండి. బియ్యం, పప్పు, నూనె రూపంలో కూడా జకాత్ చెల్లుతుంది, సరుకు హక్కుదారు చేతికి ఇచ్చి అతన్ని యజమానిని చేయాలి. వండి అందరినీ కూర్చోబెట్టి తినిపిస్తే మన మజ్హబ్ ప్రకారం జకాత్ తీరదు, అది మామూలు దానం అవుతుంది. మసీదు కరెంటు బిల్లుకు, మినారుకు జకాత్ వాడకూడదు. ఇది చాలా చోట్ల తెలిసీ జరుగుతోంది. మన జకాత్ ముస్లిం పేదలకు. ఇతర మతస్థులైన ఇరుగుపొరుగుకు సదఖా నుంచి ఇవ్వండి. ఫిత్రా కూడా ఇవ్వవచ్చని హనఫీ ఇమాములు చెప్పారు. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర) ఇంట్లో మేకను కోస్తే, మన యూదు పొరుగువాడికి పంపారా అని మళ్ళీ మళ్ళీ అడిగారు. కూర వండితే కాసిన్ని నీళ్ళు ఎక్కువ పోసి పొరుగింటిని గమనించమని ప్రవక్త (స) అబూ జర్ (ర) కు చెప్పినప్పుడు, ఆ పొరుగింటి మతం ఏమిటో చెప్పలేదు.